పలకల పాఠం

మా ఆవిడ పుష్పలతకి పాట రాదు. గొంతు బొంగురు. చిన్నప్పుడు ఏదో జ్వరం వచ్చింది. పోతూ పోతూ గొంతు కూడా పట్టుకుపోయింది. అలాంటి మనిషి సంగీతం పాఠం చెప్పి టీచరు ట్రైనింగు పాసవుతానంది. ఆ సంగతి రాస్తాను.

నేను మూడో తరగతితో బడి మానేశాను. కొబ్బరి దింపు తీస్తాను. అంటే చెట్టెక్కి కాయలు దించడం, కాలవ గట్టుకి చేర్చడం, పడవకెత్తడం. పుష్పలత నా మేనమామ సత్యానందం గారి కూతురు. పదో తరగతి పాసైంది. మేనరికం గనక నాకిచ్చి చేశారు. పెళ్లి పందిట్లో భోజనం చేస్తూనే ఎవరో అన్నారు.

“పది చదివిన పిల్లకి చెట్టెక్కేవోడేంటండీ?”

నేను తల దించుకున్నాను. పుష్పలత దించుకోలేదు.

“ఎక్కినోడు దిగుతాడు కదండీ” అంది.



డెబ్బై తొమ్మిదిలో అమలాపురంలో ట్రైనింగు సీటు వచ్చింది. “వెళ్లమంటావా బావా?” అనడిగింది. “అడగడం దేనికి?” అన్నాను. పొద్దున్నే సైకిలు మీద ఓడలరేవు రోడ్డు దాకా తీసుకెళితే బస్సెక్కేది. సాయంత్రం మళ్లీ సైకిలు పట్టుకుని నిలబడేవాణ్ణి. తోవలో ఆ రోజు ఏం నేర్పారో చెప్పేది. నేను తొక్కేవాణ్ణి.

అక్కడ తెలుగూ లెక్కలూ కాక ఇంకొకటి తీసుకోవాలి. బొమ్మలు వెయ్యడం గానీ, తోటపని గానీ, సంగీతం గానీ. సంగీతం మాస్టారు గంగాధరరావు గారు. పెద్ద విద్వాంసుడు. హార్మోనియం ముందు కూర్చుంటే మంచినీళ్లు కూడా గుర్తుండవంటారు. పుష్పలత సంగీతం అనగానే ఆయన ఒక కీర్తన పాడమన్నారట. ఒక చరణం పాడేసరికి హార్మోనియం మూత వేసేశారట.

“తోటపని తీసుకోమ్మా. మీ ఆయనది కొబ్బరి పనే కదా, ఇంట్లోనే నేర్చుకుంటావు.”

“నాకు సంగీతమే కావాలండీ.”

“కావాలంటే రాదు కదమ్మా, గొంతుండాలి.”

“గొంతు పిల్లలకుంటుంది కదండీ.”

ఆయన కాదనలేదట. తన పద్ధతి చెప్పి పంపారట. గొంతు బాగున్న నలుగురిని ముందు నిలబెట్టాలి. తక్కినవాళ్లు వెనక నిలబడి పెదాలు కదిపితే చాలు. చూసేవాళ్లకి అందరూ పాడినట్టే ఉంటుంది.

“మన చర్చిలో చేసేది అదే కదా” అన్నాను, సైకిలు మీద.

“ఆయ్, అదే. ఇన్నేళ్లూ వెనక వరసలో నిలబడి పెదాలు కదిపింది నేనే కదా బావా. పక్కోళ్లు బువ్వ తింటంటే ఉత్త నోరు నమలడం లాంటిదది. ఇంకో పిల్ల చేత నేను అలా నమిలించను.”

ట్రైనింగు చివర్లో కొన్నాళ్లు మా పేట బడిలోనే పాఠాలు చెప్పాలి. ఆఖరి పాఠానికి గంగాధరరావు గారే వచ్చి చూసి మార్కులేస్తారు. అందులో తప్పితే సర్టిఫికెట్ రాదు. మళ్లీ ఏడాది ఆగాలి.

మా బడిలో సువార్త అని ఒక పిల్ల ఉండేది. ఎలీసమ్మ కూతురు. ఎలీసమ్మ మొగుడు పోయాక గట్టు మీద మాతోపాటు కాయలు మోసేది. సువార్తకి పుట్టినప్పట్నుంచీ వినపడదు, మాట రాదు. ఈడు పిల్లలు పై తరగతులకి వెళ్లిపోయినా రెండో తరగతిలోనే ఉండేది. పిల్లలు పాడుతుంటే గోడకానుకుని కూర్చుని వాళ్ల నోళ్లకేసి చూసేది. ఎలీసమ్మ మాత్రం ఒక్క రోజు బడి మానిపించేది కాదు. నూనె రాసి, బిగించి జడేసి పంపేది.

ఇంకా ఉన్నారు. కనకరాజుకి నత్తి. మాట మొదలుపెడితే అయ్యేదాకా మనం ఊపిరి బిగబట్టాలి. ఇద్దరు ముగ్గురికి శ్రుతి అనేదే లేదు. పుష్పలత ఎన్ని పాటలు తెచ్చినా గొంతున్న నలుగురే పాడేవాళ్లు. తక్కినవాళ్లు కిటికీలోంచి బాతుల్ని చూసేవాళ్లు. ఇంటికొచ్చి అన్నం కలుపుకుని తినకుండా కూర్చునేది.

ఒక ఆదివారం కాలవలో నూకయ్య పడవకి కాయలెత్తుతున్నాం. ఆదివారం పని చెయ్యకూడదు గానీ, పడవ ఆటుపోటుల ప్రకారం కదులుతుంది, ఆదివారం ప్రకారం కాదు. మేం రాసి దగ్గర్నుంచి పడవ దాకా వరసగా నిలబడతాం. కాయ చేతిలోంచి చేతిలోకి వెళ్లాలి. ఒక్కడు ఆలస్యం చేస్తే పక్కవాడి కాలి మీద పడుతుంది. నూకయ్య పడవ అంచున నిలబడి లెక్క పాట పాడతాడు. ఒకటి అనడు, లాభం అంటాడు. లాభమో లాభం, రెండో రెండు, మూడో మూడు, అలా సాగదీసి. ఆ సాగదీతకి మా చేతులు కదులుతాయి.

ఆ వేళ వరసలో ఒక మనిషి తక్కువ. తల్లితో వచ్చిన సువార్త, ఎవరూ పిలవకుండానే వచ్చి ఖాళీలో నిలబడింది. ఎలీసమ్మ కసిరింది. పిల్లకి వినపడితే కదా. కాయ అందుకుంది, ఇచ్చింది, అందుకుంది, ఇచ్చింది. ఒక్కటి జారలేదు. మాలో ఒకడు తొందరపడి రెండు కాయలు ఒక్కసారి తోస్తే అరచెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

“ఓసి నీ అమ్మకడుపు చల్లగుండా!” అని నూకయ్య పడవ మీంచి అరిచాడు. “ఈ పిల్లకి వినపడదన్నదెవుడ్రా? నా పాటకంటే ముందే ఉంది!”

పుష్పలత అప్పుడే నాకు క్యారేజీ తెచ్చింది. గట్టు మీద నిలబడిపోయింది. పని ఆగింది, మేం చేతులు కడుక్కున్నాం. ఆవిడ కదల్లేదు.

“పంతులమ్మగారూ, ఆ క్యారేజీ చూడ్డానికేనాండీ, తినడానికి కూడానా?” అని నూకయ్య.

ఆవిడ వినలేదు. సువార్త చేతుల్నే చూస్తోంది.

మర్నాడు బడి ఆవరణలో రాలిన కొబ్బరి పిందెలు ఏరించి, పిల్లలందరినీ గుండ్రంగా నిలబెట్టి, చేతులు మార్పించిందట. లెక్క పాట పాడించిందట. ఒక్కొక్కరి చేతికి పిందె వచ్చినప్పుడు ఒక్కొక్క మాట. పాడేవాడు పాడాడు, పాడలేనివాడు అరిచాడు, కనకరాజు ఒక్క మాట కాబట్టి చెప్పగలిగాడు. సువార్త నడిపించింది. ఇంటికొచ్చి నాకు చెబుతూ తపేలా మీద గరిటెతో కొట్టి చూపించింది. అంత సంతోషం పెళ్లప్పుడు కూడా చూడలేదు.

ఆ తపేలా చప్పుడు ఆగకుండానే ఎలీసమ్మ మా వాకిట్లోకి వచ్చింది. వెనకాల సంఘపెద్ద సాలమోను గారు.

“ఏమ్మా పంతులమ్మా” అంది ఎలీసమ్మ. “నా నెత్తి మీద బరువు చాల్లేదా? నా కూతురు చేత కూడా బళ్లో కాయలు మోయిత్తన్నావంట?”

“కాయలు కాదక్కా, పిందెలు...”

“పిందె ముదిరితే కాయే. ఈ పిల్ల కాయలు మొయ్యడానికి తప్ప ఎందుకూ పనికిరాదని నువ్వే తేల్చేసేవా?”

సాలమోను గారు మెల్లగా మాట్లాడే మనిషి. అరుగు మీద కూర్చుని కండువా సర్దుకున్నారు.

“అమ్మాయ్ పుష్పలతా, మా తాతలు ఆ లెక్క పాట పాడి పాడే చచ్చిపోయేరమ్మా. లాభం అని మొదలెట్టేవోళ్లు. లాభం ఎవరికొచ్చిందో నీకూ తెలుసు. పిల్లల్ని బడికి పంపింది ఆ పాట మర్చిపోడానికమ్మా, నేర్చుకోడానికి కాదు.”

పుష్పలత గరిటె కింద పెట్టింది. ఆయనన్నది నిజం. నేనూ రోజూ ఆ పాటకే చేతులు కదుపుతాను. నా పిల్లలు కదపాలని నేను మాత్రం ఎందుకు కోరుకుంటాను?

“రేపట్నుంచీ సువార్త బడికి రాదు” అని ఎలీసమ్మ వెళ్లిపోయింది.

ఆఖరి పాఠం ఆ వారంలోనే.

అన్నం తినేటప్పుడు నేనే అన్నాను. “మాస్టారి పద్ధతిలో ఆ నలుగురితో పాడించెయ్యి. పాసైపోతావు.”

“సువార్త?”

“ఇంట్లో ఉంటుంది.”

ఆవిడ నాకేసి చూసింది. కంచంలో నీళ్లు పోసి లేచింది.

పొద్దున్నే ఎలీసమ్మ ఇంటికి బయల్దేరింది. నేనూ వెళ్లాను. ఎలీసమ్మ వాకిట్లో కూర్చుని కొబ్బరాకు దడి అల్లుతోంది. లేవలేదు, కూర్చోమనలేదు.

“అక్కా, నువ్వన్నది నిజం” అంది పుష్పలత. “కాయ ముట్టుకోం. పిందె ముట్టుకోం. ఆ పాట పాడం.”

“మరేం చేత్తావు?”

“పలకలు. ఎవరి పలక వాళ్లది. పలక మీద ఒక దెబ్బ కొట్టి పక్కవాడికివ్వాలి. పాట పిల్లలే కడతారు.”

“దానికి మా పిల్లెందుకు? దానికి పాటేంటి?”

“పాట వినడం వేరక్కా, పాట నిలబెట్టడం వేరు. ఎప్పుడివ్వాలో, ఎప్పుడాగాలో మీ పిల్లకి తెలిసినట్టు నాకే తెలీదు. అది కొడితేనే మొదలవుద్ది. అది ఆపితే ఆగుద్ది. అందరూ దాని చేతులే చూత్తారు.”

ఎలీసమ్మ ఆకు అల్లడం ఆపింది. “చూసి నవ్వితే?”

“నవ్వితే నా దగ్గరికి రా.”

“నీ దగ్గరికొచ్చేది జుట్టు పట్టుకోడానికే.”

“సరే, పట్టుకో.”

“నేనొత్తాను. గుమ్మంలోనే నిలబడతాను. నా పిల్లని ఒక్కడు తక్కువ చేసినా చెయ్యి పట్టుకుని తీసుకుపోతాను. నీ పరీచ్చ ఏ ఏట్లో కలిసినా నాకనవసరం.”

“ఆయ్” అంది పుష్పలత.

పాఠం రోజు నేను దింపుకి వెళ్లలేదు. బడి కిటికీ దగ్గర నిలబడ్డాను. ఎలీసమ్మ ఉతికిన చీర కట్టుకుని గుమ్మంలో నిలబడింది. సాలమోను గారు కూడా వచ్చి హెడ్మాస్టరు గారి పక్కన కూర్చున్నారు. గంగాధరరావు గారు తెల్ల పంచె, గొడుగు, కళ్లజోడు. లోపలికి వస్తూనే చుట్టూ చూశారు.

“హార్మోనియం ఏదమ్మా?”

“లేదండీ.”

“శ్రుతి?”

“వాళ్ల దగ్గరే ఉందండీ.”

ఆయన కుర్చీలో కూర్చుని పెన్సిలు తీశారు.

పిల్లలు గుండ్రంగా నిలబడ్డారు. అందరి చేతుల్లో పలకలు. సువార్త పుష్పలతకేసి చూసింది. పుష్పలత తలూపింది. సువార్త అరచేత్తో పలక మీద కొట్టి పక్కకిచ్చింది. అంతే, టక్, టక్, అన్ని పలకలూ ఒక్కసారే ఒక చేతి నుంచి ఒక చేతికి జరిగాయి. పాట ఆ పిల్లలు కట్టిందే. ఒకడు “మా ఇంటి ముందర ఏముందీ?” అంటే పక్కవాడు “కాలవ ఉందీ” అన్నాడు. “కాలవ లోపల ఏముందీ?” “పడవ ఉందీ.” “పడవ లోపల ఎవరున్నారు?” అక్కడ కనకరాజు వంతు. వాడు చెప్పాల్సింది ఒక్కటే మాట. సువార్త వాడి మొహం చూసి, పలక పట్టుకుని ఆగింది. అందరూ ఆగారు. “తా...తా!” అన్నాడు కనకరాజు. వెంటనే సువార్త పలక కొట్టింది. వాడి నత్తి ఆ తాళంలో కలిసిపోయింది. కావాలనే అలా కట్టారనిపించింది.

గొంతున్నవాళ్లు గొంతెత్తి పాడారు. లేనివాళ్లు పాడలేదు, కానీ ఎవరూ ఉత్త నోరు కదపలేదు. వాళ్ల చేతుల్లో పని ఉంది.

పాట అయ్యింది. గంగాధరరావు గారు పెన్సిలుతో గడ్డం గోక్కున్నారు.

“బాగుందమ్మా. కానీ నాకు ఈ చప్పుడులో పాట సరిగా వినపడలేదు. ఆ అమ్మాయిని కూర్చోబెట్టి, మిగతావాళ్లతో పాటొక్కటే పాడించు. వింటాను. దానికే మార్కులు.”

ఆయన కోపంగా అనలేదు. న్యాయంగానే అడిగానని ఆయన ఉద్దేశం. కానీ గుమ్మంలో ఎలీసమ్మ కొంగు నడుముకి దోపింది. సువార్త ఏం జరుగుతోందో తెలియక పుష్పలత మొహం చూస్తోంది.

ఏడాది సైకిలు తొక్కాను. ‘కూర్చోబెట్టు, ఒక్క నిమిషమే కదా’ అని కిటికీ చువ్వలు పట్టుకుని మనసులో అనుకున్నాను.

“కూర్చోబెట్టనండీ” అంది పుష్పలత.

“ఏమిటీ?”

“ఆ పిల్లని తీసేస్తే నా పాఠం లేదండీ. మార్కులు తగ్గించండి, ఫెయిలు చెయ్యండి, మీ ఇష్టం. సువార్త మాత్రం కూర్చోదండీ.”

హెడ్మాస్టరు గారు “అమ్మాయ్, అమ్మాయ్” అన్నారు. గంగాధరరావు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“మరి నేను పాట వినేదెలాగమ్మా?”

“కుర్చీలో కూర్చుంటే వినపడదండీ. ఇక్కడికి రండి. కనకరాజు పక్కన ఖాళీ ఉందండీ.”

ఆయన లేచి గొడుగు పట్టుకున్నారు. వెళ్లిపోతున్నారనుకున్నాను. గొడుగు కుర్చీకి తగిలించి, చెప్పులు విడిచి, పంచె ఎగ్గట్టి కనకరాజు పక్కన నిలబడ్డారు. వాడు ఆయన చేతిలో ఒక పలక పెట్టాడు.

సువార్త కొట్టింది. పాట సాగింది. మాస్టారు తల ఊపుతూ పాట వింటున్నారు, పలక ఇవ్వడం మర్చిపోయారు. చూస్తుండగానే ఆయన చేతుల్లో మూడు పలకలు. అవతల ఇద్దరి చేతులు ఖాళీ. సువార్త అరచెయ్యి అడ్డం పెట్టింది. అందరూ ఆగారు. సువార్తే నడిచి ఆయన దగ్గరికి వచ్చింది. రెండు పలకలు తీసి ఇవ్వాల్సినవాళ్లకి ఇచ్చేసింది. తర్వాత ఆయన చెయ్యి పట్టుకుని పలక మీద కొట్టించింది, ఒకసారి, ఇంకోసారి. వచ్చిందా అన్నట్టు చూసింది.

“ఆయ్, ఆయ్” అన్నారు గంగాధరరావు గారు.

కనకరాజు ఫక్కుమన్నాడు. వాడితో పిల్లలందరూ. సాలమోను గారు కండువా అడ్డం పెట్టుకున్నారు. గుమ్మంలోంచి పెద్ద నవ్వు వినపడితే చూశాను. ఎలీసమ్మ. ఆవిడ నవ్వగా నేనెప్పుడూ వినలేదు.

సువార్త తన చోటికి వెళ్లింది. ఈసారి నెమ్మదిగా మొదలుపెట్టింది, మాస్టారి కోసం. పాట ఆఖరుదాకా ఆయన ఒక్క పలక కూడా తప్పలేదు.

అంతా అయ్యాక చెప్పులు తొడుక్కుంటూ ఆయన అన్నారు. “అమ్మా, నీ గొంతుకి నేను మార్కులు వెయ్యలేను.”

“తెలుసండీ.”

“పాఠానికి వేస్తాను. నలభై ఏళ్లుగా తాళం వేస్తున్నాను. ఒకరు నా చెయ్యి పట్టుకుని వేయించడం ఇదే మొదలు. పాసయ్యావు.”

పుష్పలత నమస్కారం పెట్టింది. తర్వాత కిటికీకేసి చూసిందట. నేను అక్కడ లేను. బడి వెనక చెట్టెక్కుతున్నాను, మాస్టారికి బొండం దింపాలని. నిజానికి ఆ మొహంతో మనుషుల ముందు నిలబడలేక ఎక్కాను. చెట్టు మీద ఎంత నవ్వుకున్నా, ఏడ్చుకున్నా ఎవరికీ కనపడదు.

మాస్టారు బొండం తాగుతూ నన్నడిగారు. “ఏమోయ్ ఇశ్రాయేలూ, నీకు పాట వచ్చా?”

“రాదండీ.”

“మరి ఆవిడకెలా వచ్చింది?”

“ఆవిడకీ రాదండీ.”

“అదేనయ్యా నాకూ అర్థం కావట్లేదు” అని నవ్వారు. రోడ్డుదాకా ఆయన్ని సైకిలు మీద దింపాను. తోవ పొడుగునా నా వీపు మీద వేళ్లతో తాళం వేస్తూనే ఉన్నారు.

సువార్త మర్నాడు బడికి వెళ్లింది. ఎలీసమ్మ దింపి, “పంతులమ్మగారూ” అని పిలిచి వెళ్లింది. ఈసారి ఎత్తిపొడుపు లేదు.

ఎనభై మూడులో పుష్పలతకి ఉద్యోగం వచ్చింది. అప్పనపల్లి దగ్గర బడి. మొదటి రోజు ఉతికిన చొక్కా వేసుకుని నేనే తీసుకెళ్లాను. అక్కడ హెడ్మాస్టరు గారు భాస్కరరావు గారు, పెద్దమనిషి, నాకు కుర్చీ చూపించి, “తమరేం చేస్తుంటారండీ?” అనడిగారు.

“ఈవిడ మా ఆవిడండీ” అన్నాను.

ఆయన అడిగింది అది కాదని ఇంటికొచ్చాక తెలిసింది. అయినా మళ్లీ అడిగితే అదే చెబుతాను.